గంప కింది మొక్కుకోడి

పశువుల డాక్టర్ రాజేశ్వర్ రావు "ఇంకొకటి" అనేలోపే కళావతి షెడ్డులోంచి మరో కోడిని పట్టుకొచ్చింది. కోళ్లను పట్టడంలో తనను మించినవాళ్లు స్టేషన్ ఘన్‌పూర్ దాకా లేరని ఆ ఆరో తరగతి పిల్ల నమ్మకం. కోళ్లనడిగినా అదే చెబుతాయి.

పక్క ఊళ్లో కొక్కెర తెగులు వచ్చింది. అది సోకితే షెడ్డుకు షెడ్డే ఖాళీ. అందుకే కళావతి నాన్న సాంబయ్య డాక్టర్‌ను పిలిపించాడు.

డాక్టర్ దూదిపుల్లతో కోడి గొంతులోని జిగురు తీసి మందునీళ్లలో కలిపాడు. ఆ నీళ్ల చుక్కనూ, సీసాలో తెచ్చుకున్న కోడి నెత్తురు చుక్కనూ తెల్లటి బిళ్ల మీద వేసి కలిపాడు.

"నెత్తురు రవ్వరవ్వ అయితే తెగులున్నట్టు. ఇట్ల సాఫ్‌గ ఉంటే లేనట్టు. ఇదివరకు ఈ జిగురును హైదరాబాద్ పంపుతుంటిమి. జవాబు వచ్చేసరికి కోళ్లు ఉండకపోయేటివి" అన్నాడు.

చుక్కలన్నీ సాఫ్‌గానే ఉన్నాయి.

"అన్ని కోళ్లను చూసినట్టేనా?"

"అన్నీ చూసినట్టే సార్" అన్నాడు సాంబయ్య.

కళావతి వంటింటి వైపు చూసింది. అక్కడ గంప కింద ఇంకో కోడి ఉంది. పొద్దున్నుంచి దగ్గుతోంది. అది నాయనమ్మ బక్కమ్మ గ్రామదేవత పోచమ్మకు మొక్కిన కోడి. సూది గుచ్చితే మొక్కు చెల్లదని కళావతే దాన్ని దాచింది. తన తెలివికి మురిసిపోయింది కూడా. తీరా చూస్తే డాక్టర్ వాడింది దూదే! ఇప్పుడు చెబితే నాన్న వీపు విమానం మోత మోగిస్తాడు.

కానీ పొద్దున ఆ కోడికి నీళ్లు తాగించిన చేతులతోనే షెడ్డులో దాణా వేసింది. ఆ షెడ్డునే నమ్ముకుని ఇల్లు నడుస్తోంది. కళావతికి భయమేసింది. వంటింట్లోకి పరుగెత్తి కోడిని తెచ్చింది.

"ఇది సూడలే సార్. నేనే దాసిపెట్టిన."

సాంబయ్య కళ్లెర్రజేశాడు. డాక్టర్ మాత్రం దూదిపుల్ల అందుకున్నాడు. ఈసారి బిళ్ల మీద నెత్తురు ఇసుక చల్లినట్టు రవ్వరవ్వగా విరిగింది.

"తెగులే. షెడ్డుల ఇంకా పడనట్టుంది. టైమ్‌కు చెప్పినవ్ బిడ్డా. ఇప్పుడే టీకాలేద్దాం."

మొక్కుకోడిని చంపి దూరంగా పాతిపెట్టాలన్నాడు. కళావతి వెక్కివెక్కి ఏడ్చింది.

"పోచమ్మకు ఏం జెప్పాలెనే?" అంది బక్కమ్మ.

"నేను జెప్పుకుంట అవ్వా" అంది కళావతి ముక్కు తుడుచుకుంటూ. "గిన్ని కోళ్లు బతికితే ఆమె సుత సంబురపడదా?"

సాయంత్రానికి టీకాలయ్యాయి. అందరూ చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కున్నారు. డాక్టర్ జీపు కదులుతుండగా పక్కింటి యాకయ్య గేటు తోశాడు.

"ఏందే సాంబయ్యా, డాక్టర్ వచ్చిండు?"

రోగమని తెలిస్తే ఊళ్లో గుడ్డు కూడా కొనరు. "ఏం లేదే, ఊకెనే..." అని సాంబయ్య నసిగాడు.

కళావతి గేటుకు అడ్డం నిలబడింది. "లోపటికి రాకు మామా. మా కోడికి కొక్కెర తెగులొచ్చింది."

యాకయ్య అక్కడే ఆగిపోయాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా ఇంటికాడ సుత రెండు తూగుతానయి బిడ్డా. ఎవలకు చెప్పలే. డాక్టర్ పోయిండా?"

కళావతి చెప్పులైనా వేసుకోకుండా జీపు వెనక పరుగందుకుంది.

"సార్! ఆగుండ్రి! ఇంకా కోళ్లున్నయి!"