బుల్లోడిని పిలవకండి

ఆదివారం మధ్యాహ్నం. రోజలిన్ హాలు మధ్యలో గోనెసంచి పరిచి, దాని మీద బుల్లోడిని కూర్చోబెట్టింది. చుట్టూ వీధిలో పిల్లలు మోహిత్, గంగాభవాని, ఇంకో ముగ్గురు చేరారు.

"నిమరండి. నలుగురిలో కలిస్తే భయం పోతుంది," అంది రోజలిన్. కొత్త స్కూల్లో తనను అందరి ముందూ నిలబెట్టి టీచర్ అన్న మాటే అది.

బుల్లోడు తాతయ్య కుక్క. కొండకర్ల ఆవ సరస్సులో పడవ నడిపే తాతయ్య పోయిన నెలలో చనిపోయాడు. వారం క్రితమే బుల్లోడిని అనకాపల్లి తీసుకొచ్చారు. వాడి ఒంటికి ఇంకా ఆవ నీళ్ల వాసన ఉంది. అది పీల్చినప్పుడల్లా రోజలిన్‌కి తాతయ్య పక్కన పడవలో కూర్చున్నట్టే ఉండేది. అందుకే వాణ్ని క్షణం వదిలేది కాదు.

బుల్లోడు మొహం తిప్పుకున్నాడు. మూతి నాక్కున్నాడు. తోక కాళ్ల మధ్య దూర్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. మోహిత్ వాడి మెడ చుట్టూ చేతులు వేశాడు.

"గుర్ర్!"

మోహిత్ చొక్కా చేయి పర్రున చిరిగింది. పిల్లలు కెవ్వుమన్నారు.

అచ్యుతాపురం కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న డాడీ జాన్ బాబు పరుగున వచ్చాడు. మోహిత్ చేయి అటూ ఇటూ తిప్పి చూశాడు. అదృష్టం, గీత కూడా పడలేదు.

"సాయంత్రం మనింట్లో ప్రార్థన. ఇంటినిండా జనం. ఎవర్నైనా కరిస్తే ఏటి సెప్తాం?" అన్నాడు డాడీ. "ఇంకొక్కసారి ఇలా జరిగిందా, సబ్బవరంలో మా ఫ్రెండు త్రినాధరావు తోటకి కాపలాకి పంపించీడమే."

బుల్లోడు వెళ్లిపోతే తాతయ్య రెండోసారి పోయినట్టే అనిపించింది రోజలిన్‌కి.

బుల్లోడు అప్పటికే వెనక గదిలో మంచం కింద దూరాడు. రోజలిన్ వంగి లాగబోయింది. అమ్మ పుష్పకుమారి చేయి పట్టుకుంది.

"ఒగ్గీ. కొత్తోళ్లు వత్తే ఇది ఒడ్డున బోర్లించిన పడవ కిందకి దూరిపోయీది. మా నాన్న పిలిచీవోడే కాదు. దానంతటదే వచ్చీది."

"ఎందుకు పిలిచేవాడు కాదమ్మా?"

"నీకు భయమేసినప్పుడు లాగితే నీకెలాగుంటాది?"

రోజలిన్‌కి కొత్త స్కూలు గుర్తొచ్చింది. ఆ రోజు నలుగురి ముందూ నిలబడితే భయం పోలేదు, ఏడుపొచ్చింది.

ముందు మోహిత్ దగ్గరికి వెళ్లి, "తప్పు వాడిది కాదు, నాది. సారీ," అంది. తర్వాత మంచం చుట్టూ పాత దుప్పటి వేలాడదీసింది. గిన్నెలో నీళ్లు పెట్టింది. వీధివైపు కిటికీ మూసింది. లోపలికి తొంగి చూడాలని ఎంతో అనిపించింది. అయినా తలుపు వేసి వచ్చేసింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. పాటలు, చప్పట్లు. ఒకసారి లోపల్నుంచి చిన్న మూలుగు వినబడింది. రోజలిన్ పెదవి కొరుక్కుంది గానీ తలుపు తీయలేదు.

ప్రార్థన అయ్యాక కృపానిధి లేచాడు. తాతయ్యతో నలభై ఏళ్లు పడవ నడిపిన మనిషి. కొండకర్ల నుంచి వచ్చాడు.

"మా వోడి కుక్కనోసారి సూపించమ్మా. దానికోసమే వచ్చేను," అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. పిల్లలంతా ఆయన వెనకే లేచారు.

రోజలిన్‌కి కూడా చూపించాలనే ఉంది. అయినా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడొద్దు తాతా. వాడు భయపడ్డాడు. రాత్రికి మా ఇంట్లోనే ఉండండి. రేపొద్దున్న మీరొక్కరే వచ్చి దూరంగా కూర్చోండి. పిలవకండి. వాడే వస్తాడు."

కృపానిధి ఆమెని తేరిపార చూసి పకపకా నవ్వాడు.

"అచ్చం మీ తాతే! నాకూ ఇదే సెప్పేడు. పది రోజులు దాని దగ్గిరికి రానీలేదు నన్ను."

రోజలిన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. డాడీ ఒక కుర్చీ తెచ్చి తలుపు పక్కన వేశాడు.

రోజలిన్ అందులో కూర్చుంది. అందరూ వెళ్లేదాకా లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. తనూ పోలేదు.