తొమ్మిదో ప్రశ్న

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి రీసెర్చ్ ల్యాబ్ తలుపు తీసేసరికి బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. ఛార్జర్ వైరు మాత్రం గోడకి వేలాడుతోంది.

తాళం పగలలేదు. కిటికీ చెక్కు చెదరలేదు. పక్క బల్ల మీదున్న కొత్త కంప్యూటర్ని దొంగ కన్నెత్తి చూడలేదు. మూత పగిలి, టేపు అంటించిన పాత ల్యాప్‌టాప్‌ని మాత్రం పట్టుకుపోయాడు.

"అభిరుచి గల దొంగ," అంది విజిలెన్స్ ఆఫీసర్.

ఆమె క్రైమ్ బ్రాంచ్‌లో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఈ యూనివర్సిటీలో చేరింది. హంతకుల కన్నా ప్రొఫెసర్లే మర్యాదగా అబద్ధమాడతారని నెల తిరక్కుండానే తెలుసుకుంది.

ల్యాప్‌టాప్ మేనేజ్‌మెంట్ విభాగంలో ఒక రీసెర్చ్ స్కాలర్‌ది. గోడౌన్లలో పెట్టిన స్టాకు సాఫ్ట్‌వేర్ వల్ల గుమాస్తాల పని తేలికైందా, లేదా? అదీ ఆమె పరిశోధన. మూడేళ్ళు గోడౌన్ల చుట్టూ తిరిగింది. గుమాస్తాల పక్కన బస్తాల మీద కూర్చుని ఒక్కొక్కరినే అడిగి, జవాబులు నేరుగా ఆ ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది.

పని బ్రహ్మాండంగా తేలికైందని పేపరు అచ్చయింది. ఆ అంకెలు వండినవని ఎవరో జర్నల్‌కి ఫిర్యాదు చేశారు. అసలు డేటా చూపించమని జర్నల్ అడిగింది. ఆ వారంలోనే ల్యాప్‌టాప్ మాయమైంది.

ఇక మిగిలింది సర్వర్‌లో ఉన్న కాపీ. ఆ ఫైల్లో ప్రతి ప్రశ్నకీ అయిదుకి నాలుగులు, అయిదులే. ఎక్కించింది స్కాలర్ లాగిన్‌తో. సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేస్తుంది.

"అవి నా అంకెలు కావు మేడం," అంది స్కాలర్. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మరి పేపరు మీద నీ పేరుందిగా?"

"అచ్చయ్యాకే చూశాను. ఇదేంటి సార్ అంటే, 'రెండో పేరు నీదే కదా, సంతోషించు' అన్నారు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"గైడ్ సంతకం లేకపోతే డిగ్రీ లేదు మేడం. మా అక్క తన పిల్లలతో పాటు నా పిల్లాణ్ణి కూడా సాకుతోంది. ఇంకెన్నాళ్ళే అని అడుగుతూనే ఉంది."

"నీ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"గైడ్‌కి, స్టాటిస్టిక్స్ సార్‌కి. అడిగితే ఇవ్వకుండా ఉంటామా?"

ల్యాబ్ తాళం చెవులు కూడా స్కాలర్‌తో కలిపి ఆ ముగ్గురి దగ్గరే ఉన్నాయి.

గైడ్‌ని స్కాలర్లు చాటుగా "మొదటి పేరు సార్" అంటారు. ఎవరు రాసినా పేపరు మీద మొదటి పేరు ఆయనదే. డీన్ పదవికి ఆయన పేరు నలుగుతోంది. ఆఫీసర్ గదిలోకి రాగానే కుర్చీ చూపించాడు.

"నా కూతురులాంటిదమ్మా. తొందరపడింది. ఏం చేస్తాం! అయినా ఆ ల్యాప్‌టాప్ నేనెందుకు తీస్తాను?"

"మీరు తీశారని నేను అనలేదే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. కానీ భుజాలు తడుముకోవడం సాక్ష్యం కాదు. ఆమె నవ్వి బయటికి వచ్చింది.

స్టాటిస్టిక్స్ లెక్చరర్ పేపరులో లెక్కలు కట్టిన మనిషి. మూడో పేరు ఆయనది.

"పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది," అంది ఆమె. "ఒక ప్రశ్నని లెక్కలోంచి తీసేశాం అని. ఏ ప్రశ్న?"

"తొమ్మిదోది."

"ఎందుకు తీశారు?"

"మిగతావాటితో కుదర్లేదండీ. కుదరని ప్రశ్న తీసేస్తాం. అందరూ చేసేదే."

"ఎందుకు కుదరలేదని చూడలేదా?"

"చూస్తే... తప్పు ఉందని చెప్పాల్సి వస్తుంది కదండీ."

నాలుగింటికి కమిటీ గదిలో డీన్ ముందు ముగ్గురినీ కూర్చోబెట్టింది. స్కాలర్ గోడౌన్లలో అడిగిన ప్రశ్నపత్రం తలా ఒకటి, ఒక పెన్ను ఇచ్చింది. పన్నెండు వాక్యాలు. ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే అయిదు.

"ఈ సాఫ్ట్‌వేర్ అంటే పడిచచ్చే గుమాస్తా మీరే అనుకుని నింపండి."

"ఏం ఆటలమ్మా ఇవి?" అంటూనే మొదటి పేరు సార్ వరసగా టిక్కులు పెట్టేశాడు. పత్రం తోసేసి ఫోన్ చూసుకున్నాడు. మిగతా ఇద్దరూ ఇంకా చదువుతూనే ఉన్నారు.

ఆమె మూడు పత్రాలూ డీన్ ముందు పరిచింది.

"తొమ్మిదోది పైకి చదవండి సార్."

డీన్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక నా పని మరింత కష్టమైంది."

"చదవకుండా టిక్కు పెట్టేవాళ్ళని పట్టుకోడానికి ఒక ప్రశ్న తిరగేసి అడుగుతారట. సాఫ్ట్‌వేర్ నచ్చినవాడు దీనికి ఒకటి పెట్టాలి. ప్రశ్న రాసిన అమ్మాయి ఒకటే పెట్టింది. లెక్చరర్‌గారూ ఒకటే పెట్టారు. ప్రొఫెసర్‌గారు అయిదు పెట్టారు. సర్వర్ ఫైల్లోనూ అంతే. పని తేలికైందన్న గుమాస్తాలే కష్టమైందని కూడా అన్నారు. అంకెలు వండిన మనిషి ఈ ప్రశ్నపత్రాన్ని ఒక్కసారైనా చదవలేదు. గుమాస్తాల కోసం పన్నిన వలలో గైడ్ పడ్డారు."

ఆమె ప్రొఫెసర్ వైపు తిరిగింది.

"మొదటి పేరు మీదే కదా సార్? చదవలేదా?"

"నాకున్న పనుల్లో ప్రతిదీ చదవడం కుదురుతుందా?" అన్నాడాయన. ఆ గొంతులో సిగ్గు లేదు, చిరాకే ఉంది.

ల్యాప్‌టాప్ ఆయన బీరువాలోనే దొరికింది. డిస్క్ శుభ్రంగా తుడిచేసి ఉంది. సర్వర్‌లో పాత ఫైలు మీదే ఆయన తన ఫైలు ఎక్కించాడు. అసలు జవాబులు ఇంకెక్కడా లేవు.

కమిటీ తీర్పు అయిదు నిమిషాల్లో తేలింది. పేపరు వెనక్కి తీసుకుంటారు. ప్రొఫెసర్‌గారు అనారోగ్యం వల్ల దీర్ఘకాలం సెలవు పెడతారు. స్కాలర్ నిర్దోషి. అయితే డేటా లేదు కనుక పని మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. కొత్త గైడ్‌గా స్టాటిస్టిక్స్ లెక్చరర్‌ని వేశారు.

పెనం మీంచి పొయ్యిలోకి. విజిలెన్స్ ఆఫీసర్ డీన్‌తో గట్టిగానే పోట్లాడింది. "మా విభాగం విషయం మేం చూసుకుంటాం మేడం," అన్నాడాయన, మర్యాదగా.

వరండాలో స్కాలర్ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆఫీసర్ పక్కన కూర్చుంది.

"ఇంతకీ ఆ గుమాస్తాలు నిజంగా ఏం చెప్పారమ్మా?"

"పని రెట్టింపైందన్నారు. పగలంతా కంప్యూటర్లో, సాయంత్రం మళ్ళీ అవే లెక్కలు పుస్తకంలో చేత్తో. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు మేడం. 'మమ్మల్ని ఇన్నేళ్ళలో అడిగింది నువ్వొక్కదానివే తల్లీ, ఈ మాట పైవాళ్ళకి చేర్చు' అన్నాడు."

ఆమె అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ వెళ్ళి అడగాలిగా," అంది స్కాలర్. "అప్పుడు చెప్పింది ఏం చేశావమ్మా అంటే ఏం చెప్పను?"

ఆఫీసర్ తన జీవితంలో వేలమందిని ప్రశ్నలడిగింది. ఈ ఒక్కటి తననే అడిగితే, ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.