బస్తాకూ ఒక మచ్చ

బడి నుంచి రాగానే తోకగాడు సంచి కూడా దించకుండా అక్క కోసం వెతికాడు. అక్క వెనక గదిలో ఉంది. చేతులకు గ్లౌజులు, ఒళ్లో పిల్లి. మళ్లీ ఆ పిల్లే.

దాని పేరు మహారాణి. చెవి పక్కన గుండ్రంగా, గుండీ అంత మేర బొచ్చు ఊడిపోయింది. పశువుల డాక్టరమ్మ చూసి అది తామర అని చెప్పింది. జంతువులకే కాదు, మనుషులకూ అంటుకుంటుందట. రోజూ మందు రాయాలి, పిల్లిని వేరే గదిలో ఉంచాలి, దాని దువ్వెన ఇంకెవరికీ వాడకూడదు. ఆ రోజు నుంచి అక్క లోకమంతా ఆ చెవి చుట్టూనే తిరుగుతోంది.

తోకగాడికి ఆ పేరు ఊరికే రాలేదు. పుట్టినప్పటి నుంచి అక్క వెంటే తిరిగేవాడు. ఇప్పుడు అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే తోక బయటే మిగిలిపోతోంది. వాడి కడుపు ఎంత మండిందంటే, దాని మీద గిన్నె పెడితే పాలు పొంగిపోయేవి.

వాడికీ ఒక కుక్క ఉంది. పేరు బస్తా. అది ఆవులిస్తే గోడమీది క్యాలెండర్‌లో నెల మారిపోయేది. ఏం లాభం? దానికి రోగమూ లేదు, రొష్టూ లేదు. ఎవరు పట్టించుకుంటారు?

ఒకరోజు అక్క స్నానానికి వెళ్లింది. తోకగాడు గడియ తీసి, మహారాణి దువ్వెన పట్టుకొచ్చి, బస్తాను చెవుల నుంచి తోక దాకా దువ్వాడు. ఒక్క చిన్న మచ్చ వస్తే చాలు.

కొన్నాళ్లకు మచ్చ వచ్చింది. ఒకటి కాదు. మూతి మీద, మెడ మీద, కాలి మీద. అమ్మ బస్తాను మెట్ల కింది గదిలో పెట్టి తలుపు వేసింది. రోజూ వాడి కాళ్ల దగ్గర పడుకునే కుక్క తలుపు గీకుతూ మూలిగింది.

అమ్మ విసిగిపోయింది. అక్క తలుపు సరిగా వేయడం లేదంది. రెండింటికీ చాకిరీ చేయడం తన వల్ల కాదని, పిల్లిని పిన్ని ఇంటికి పంపేస్తానని బుట్ట తెచ్చింది.

“నేను రోజూ గడియ వేశానమ్మా,” అంది అక్క. అంతకన్నా వాదించలేదు. మచ్చ అంచుల్లో కూడా మందు రాయమని పిన్నికి చెప్పమంటూ, మహారాణిని తనే బుట్టలో కూర్చోబెట్టింది.

తోకగాడు నోరు మూసుకుంటే చాలు, అక్క మళ్లీ తనదే. మూసుకునే ఉన్నాడు. కానీ అక్క బుట్ట మూత రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ తీసింది.

“అక్క గడియ వేసింది. నేనే తీశాను,” అన్నాడు. “దాని దువ్వెనతో బస్తాను దువ్వాను. బస్తాకూ రావాలని.”

“జబ్బు రాకుండా చూసుకునేవాళ్లను చూశాను గాని, రావాలని దువ్వేవాణ్ణి నిన్నే చూశాన్రా,” అంది అమ్మ.

“వస్తే అక్క బస్తా దగ్గరికీ వస్తుందని.”

అక్క బుట్టలోంచి మహారాణిని తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా వాడితో మాట్లాడలేదు.

మర్నాడు బడి నుంచి రాగానే తోకగాడు వెనక గది వైపు చూడలేదు. అమ్మనడిగి గ్లౌజులు తొడుక్కుని మెట్ల కిందికి దూరాడు. బస్తా కుదురుగా ఉంటే కదా! మందు సగం దానికి, సగం గోడకు అంటింది.

“ఒరే తోకా,” అని వెనక గదిలోంచి అక్క పిలిచింది. “ఇది కదులుతోంది. వచ్చి కాస్త పట్టుకో.”

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన పిలుపు. వాడు లేవబోయి, బస్తా మెడ కేసి చూసి, మళ్లీ కూర్చున్నాడు.

“ఇప్పుడు రాలేనక్కా. దీనికి మెడ దగ్గర ఇంకా రాయాలి. నువ్వు కానిచ్చెయ్.”