చెట్లు, మబ్బులు, ఒక పూలకుండీ

"నీకు చావంటే భయమా?" అని అడిగాడు చీఫ్.

"చాలా భయం సార్," అన్నాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ నిదానం అంటారు.

"మంచిదే. ధైర్యవంతుల్ని ఇద్దర్ని పంపాను, తిరిగి రాలేదు. విదేశీ ముఠా ఒకటి ఇవాళ మధ్యాహ్నం బాంబు కట్టిన డ్రోన్‌ని ఎగరేస్తోంది. దానికి కెమెరా లేదు, ఉంటే సిగ్నల్ మనకి దొరికిపోతుంది. తానెక్కడుందో అంకెల్లో చెప్తుందంతే. ఆ అంకెల్ని బట్టి కంప్యూటర్లో విమానం నడిపే ఆట, అదే ఫ్లైట్ సిమ్యులేటర్, బొమ్మ గీస్తే, పైలట్ అది చూసి నడుపుతాడు. అందుకోసం దానికి తగిలించే యాడ్-ఆన్ ప్రోగ్రాం ఒకటి సొంతంగా తయారుచేసుకున్నారు. కానీ వాళ్లు కొట్టుకొచ్చిన కంట్రోల్ బోర్డు పాత కంప్యూటర్‌కి తప్ప దేనికీ అతకదట. అందులో బొమ్మ నత్తనడక నడుస్తోంది. మెకానిక్ కావాలంటున్నారు."

"టార్గెట్ ఏంటి సార్?"

"అదే తెలీదు. లోపల ఎర్రకోటు అని ఒకావిడ ఉంది. వాళ్ల దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. కోడ్ వర్డ్, 'మబ్బులు ఎక్కువయ్యాయి'. చెప్పినా పూర్తిగా నమ్మకు."

ముఠా మకాం మూతపడిన లాండ్రీ వెనక గదిలో. బూటు మడమలో దాచిన రేడియోని గుమ్మం దగ్గరే పీకేశారు. చెమటకి పెట్టుడు మీసం ఊడకుండా ఉంటే చాలనుకుంటూ నిదానం కీబోర్డు ముందు కూర్చున్నాడు. వెనక ఎర్రకోటు, ఆమె చేతిలో పిస్తోలు.

"బొమ్మ నున్నగా కదలాలి," అన్నాడు పైలట్. "లేకపోతే నువ్వు కదలవు."

స్క్రీన్ మీద ఒక ఎయిర్‌పోర్టు, పక్కన చెరువు, మధ్యలో కంట్రోల్ టవర్. ఫొటోలు చూసి గీశారేమో, టవర్ కిటికీలో ఒక పూలకుండీ కూడా ఉంది. నిదానం దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఆ కుండీ పెట్టింది అతని అక్క. ఈపాటికి ఆమె ఆ కిటికీ వెనకే డ్యూటీలో ఉంటుంది. హెచ్చరిద్దామంటే రేడియో లేదు.

పనిలో దిగాడు. నీడలు తీసేశాడు. మబ్బులు తీసేశాడు. చెట్లు, రోడ్డు మీద కార్లు, ఆఖరికి కుండీ కూడా పోయింది. బొమ్మ నూనె రాసినట్టు జారింది. పనిలో పనిగా, తీసేసినవన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చేలా ఒక కీకి తగిలించి పెట్టాడు.

"ఎగరెయ్యండి," అన్నాడు పైలట్ ఫోన్‌లో.

టవర్ దగ్గరపడుతోంది. నిదానం వేలు కీ వైపు జరిగింది. పిస్తోలు మెడకి చల్లగా తగిలింది.

"మబ్బులు ఎక్కువయ్యాయి," అంది ఎర్రకోటు మెల్లగా.

నమ్మాలో వద్దో తెలీక అతనికి ఏడుపొచ్చింది. స్క్రీన్ మీద ఒక్క మబ్బూ లేదు.

"ఏంటా కీ?"

"చెట్లు మేడమ్."

"ఎన్ని?"

"అన్నీ."

ఆమె పైలట్ వైపు చూసింది. టవర్ స్క్రీన్ నిండా ఉంది.

"నొక్కు."

నొక్కాడు. మబ్బులు, చెట్లు, కుండీ అన్నీ ఒక్కసారిగా వచ్చిపడేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. బొమ్మ కదలడం లేదని పైలట్ స్టిక్‌ని లాగాడు, ఇంకా లాగాడు. అక్కడ డ్రోన్ పల్టీకొట్టి చెరువులో పడింది. పైలట్ తల తిప్పేసరికి పిస్తోలు అతని వైపు ఉంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఇవాళ చెరువులో ఏదో పడిందిరా, కిటికీ అద్దాలు అదిరాయి. కుండీ మాత్రం పడలేదు. నువ్వేం చేస్తున్నావ్?"

"కంప్యూటర్ బాగుచేస్తున్నానక్కా."

"ఆ డొక్కు వాటితో ఎన్నాళ్లురా? మాటిమాటికీ ఆగిపోతాయి."

నిదానం ఊడిన మీసాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"పర్లేదక్కా. ఆగాల్సిన టైముకే ఆగుతున్నాయి."