అటక మీదికి ఇచ్చినవి

మా ఊరు పర్ణశాల దాటాక గోదావరి ఒడ్డునే ఉంటుంది. మా దగ్గర వాన పడితే ఎవరూ భయపడరు. పైన ఎక్కడో పడ్డ వాన మూడు రోజులకు నడిచొచ్చి మా పెరట్లో నిలబడుతుంది, దానికి భయపడతాం. ఆ జూలైలోనూ అంతే. ఊళ్లో వాన ముందురోజే వెలిసింది. తెల్లారి లేచేసరికి ఏరు పత్తి చేల దాకా వచ్చి ఉంది.

తొమ్మిదింటికి పంచాయతీ ఆటో మైకు పెట్టుకుని తిరిగింది. భద్రాచలం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక దాటిందని, మూడోది సాయంత్రం లోపే రావచ్చని, అందరూ మెరక మీది బడికి పోవాలని చెప్పింది.

మా ఆయన వీరేందర్ బొగ్గు టిప్పర్ డ్రైవర్. బండి ఏటికి అవతల, సారపాకలో పెడతాడు. బండిని మెరకకు తీసి పెట్టమని ఓనరు పొద్దున్నే ఫోన్ చేశాడు. అప్పుడే మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"మీ అమ్మకు కాలు కదలదు, చంకల మూడు నెలల పిల్ల. నన్నొక్కదాన్ని ఇడిసి ఆ బండి కోసం పోతవా?" అన్నాను.

"పన్నెండుకల్లా వస్త. నువ్వు సామాను సదిరి అటకెక్కియ్యి. నేను వచ్చినంక అమ్మను లేపుదాం" అన్నాడు. ముఖం కూడా చూడకుండా బైకెక్కి వెళ్లిపోయాడు.

మాది పాత పెంకుటిల్లు. ఎనభై ఆరు వరదలో గోడలు కూలితే మా మామ సారయ్య అదే పునాది మీద, ఆ దూలాలతోనే మళ్లీ కట్టాడట. నడింటి పైన చెక్క అటక. మనిషి నడుం వంచుకుని నడవొచ్చు. ఒక మూల చదరంగా కంత, దానికి ఆనించి వెదురు నిచ్చెన. మామ పోయి ఐదేళ్లయింది. అత్త బతుకమ్మకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. నాకు సగమే అర్థమవుతుంది.

పని మొదలుపెట్టాను. కరెంటు మెయిన్ ఆపేశాను. గ్యాస్ బండ నీళ్లలో తేలి పోకుండా కిటికీ ఊచకు గొలుసేసి కట్టాను. బర్రెల పలుపులు విప్పి గట్టు వైపు తోలాను. పాసుబుక్కు, ఆధార్ కార్డులు, అత్త మందుల చీటీ, పాప బరువు కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకున్నాను. పాప మనోజ్ఞ చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

పన్నెండింటికి ట్రాక్టర్ వచ్చింది. మా వాడకట్టంతా ఎక్కింది. "మా ఆయన తొవ్వల ఉన్నడు, రెండో ట్రిప్పుకు వస్తం" అన్నాను. అత్తను లేపాలంటే ఇద్దరు గట్టివాళ్లు కావాలి, మగవాళ్లు గొడ్లను తోలుకుని ముందే పోయారు, ట్రాక్టర్లో అంతా పిల్లలూ ముసలివాళ్లే. ట్రాక్టర్ పోయింది. మళ్లీ రాలేదు. రెండింటికి చూస్తే వాగు దగ్గర రోడ్డు లేదు. నీళ్లే ఉన్నాయి.

ఫోన్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంది. వీరేందర్‌కు చేస్తే స్విచాఫ్.

మూడింటికే ఇల్లు చీకటి పడ్డట్టయింది. ఆకాశం అంత కిందికి దిగింది. ఊళ్లో ఒక్క చప్పుడు లేదు. కుక్కలు కూడా జనం వెంట పోయాయి. ఏరు మాత్రం, పెద్ద ఎసరు కాగుతున్నట్టు, ఆగకుండా ఒకటే మోత. వాకిట్లో నీళ్లు మొదటి మెట్టు ఎక్కాయి.

అప్పుడు వెనక తలుపు చప్పుడైంది. నేను వంటింట్లో బియ్యం సంచి మూతి కడుతున్నాను. నడింట్లో తడి కాళ్ల అడుగులు వినపడ్డాయి. నిచ్చెన కిర్రుమంది. పైన అటక చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి వంగిన చప్పుడు.

ప్రాణం లేచి వచ్చింది. "వచ్చినవా?" అని అరిచాను.

"ఊఁ" అని పైనుంచి వినిపించింది.

పొద్దుటి కోపం ఇంకా పోలేదనుకున్నాను. నాకూ పోలేదు. మాట్లాడకుండా బియ్యం సంచి ఈడ్చుకుంటూ నిచ్చెన దగ్గరికి తెచ్చి, రెండు మెట్లెక్కి, కంతలోకి ఎత్తాను. పైనుంచి లాగాడు. పాతిక కిలోల సంచి, దూదిలా వెళ్లిపోయింది.

తర్వాత పప్పుల డబ్బాలు. తర్వాత బట్టల పెట్టె, పరుపు. ఒక్కొక్కటీ ఎత్తుతున్నాను, పైన అందుకుంటున్నాడు. చేతులు కనపడడం లేదు. కంతలో చీకటి మసిగుడ్డలా ఉంది. నానిన చెక్క వాసన మాత్రం కిందికి దిగుతోంది.

నేను ఎత్తిన ప్రతిసారీ మంచం మీద నుంచి అత్త ఏదో అంటోంది. ఎడమ చెయ్యి మంచం పట్టెకేసి కొడుతోంది.

"ఇ...క్కు. ఇ...క్కు."

"ఏంది అత్తమ్మా? నీ పెట్టె ఖరాబు కాదు. నీ కొడుకే పైన సదురుతుండు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఒక పక్కే కదిలే నోటి నుంచి చొంగ కారుతోంది. కళ్లు మాత్రం కంత మీది నుంచి తిప్పడం లేదు.

నీళ్లు గడప దాటి నడింట్లోకి వచ్చాయి. సన్నగా, నాలుకలా, మంచం కిందికి పాకాయి.

"జల్దీ దిగు. అమ్మను లేపాలె" అన్నాను పైకి.

పైనుంచి గుసగుసగా వినిపించింది.

"బిడ్డను ఇయ్యి."

నిజమే అనుకున్నాను. పాపను పైన పడుకోబెడితే నా చేతులు ఖాళీ అవుతాయి, ఇద్దరం కలిసి అత్తను కుర్చీలో కూర్చోబెట్టొచ్చు. ఉయ్యాలలో నుంచి మనోజ్ఞను తీశాను. దుప్పట్లో చుట్టాను. నిచ్చెన ఎక్కాను. ఒక మెట్టు... రెండు... మూడు. పాపను రెండు చేతులతో పైకెత్తాను.

పైనుంచి ఎవరో దుప్పటి అంచు పట్టుకున్నారు.

అప్పుడే జాకెట్లో ఫోన్ మోగింది. ఒక చేత్తో పాపను పట్టుకుని, ఒక చేత్తో తీశాను. వీరేందర్.

"నవతా... ఏడున్నవే? బడికి పోయిన్రా? బ్రిడ్జి బంద్ చేసిన్రు. నేను సారపాకలనే ఉన్న. పోలీసులు ఇడుస్తలేరు... హలో..."

ఫోన్ వెలుగు కంతలోకి పడింది.

దుప్పటి పట్టుకున్న చెయ్యి తెల్లగా ఉంది. చాలా సేపు నీళ్లలో నానిన చెయ్యిలా ముడతలు పడి, వేళ్లు ఉబ్బి ఉంది. మణికట్టుకు పచ్చ గాజులు. నిండుగా, మోచేతి దాకా... సీమంతంనాడు తొడిగినట్టు.

లాగాను. అది కూడా లాగింది. గట్టిగా కాదు... తన వస్తువును తను తీసుకుంటున్నట్టు, నెమ్మదిగా. దుప్పటి పైకి వెళ్లిపోయింది. పాప నా చేతుల్లో మిగిలింది. ఇద్దరం నీళ్లలో పడ్డాం. పాప గుక్కపెట్టింది.

"ఇయ్యకు."

ఇప్పుడు అర్థమైంది. అత్త మొదటి నుంచీ అంటున్నది అదే.

పాపను గుండెకదుముకుని మంచం పక్కకు పాకాను. "అత్తమ్మా... ఎవరది?"

"సారక్క" అంది. "నా యారాలు."

మామ తమ్ముడి భార్య. ఎనభై ఆరులో ఏటిలో పోయిందని మాత్రమే నాకు తెలుసు. ఎవరైనా ఆ మాటెత్తితే అత్త అక్కడి నుంచి వెళ్లిపోయేది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా, ఊపిరి పీల్చి పీల్చి చెప్పింది. నా చెవి ఆమె నోటికి ఆనించి విన్నాను.

మగవాళ్లు గొడ్లను తోలుకుని గట్టుకు పోయారు. ఏరు ఇంట్లోకి వచ్చింది. సారక్క అటక మీద నొప్పులు పడుతోంది. నాటుపడవ వచ్చింది. ఒక్క మనిషికే జాగా ఉంది. అత్త చంకలో నెలల పిల్లవాడు, వీరేందర్.

"ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా అని అడిగిన్రు." అత్త కళ్లు మూసుకుంది. "ఎవ్వరు లేరన్న. అది పైనుంచి ఇనుకుంటనే ఉన్నది. నేను ఎవ్వరు లేరన్న."

పైన చెక్కలు కదిలాయి. ఎవరో బోర్లా పడుకుని, కంత దగ్గరికి జరుగుతున్నట్టు...

నీళ్లు మంచం పట్టెను తాకాయి. నేను పాపతోనే లేచి బయటికి పరుగెత్తాను. మోకాలి లోతు, తర్వాత తొడల లోతు. అరుగు మీద నిలబడి గొంతు చించుకుని అరిచాను. ఎవరూ లేరు. చెట్ల తలలు, కరెంటు స్తంభాలు, ఎర్రటి నీళ్లు. ఎంతసేపు అరిచానో తెలియదు.

మోటారు చప్పుడు వినిపించింది. వరద డ్యూటీలో ఉన్న హోంగార్డు లచ్చిరాం, తండా ఆయన, చిన్న పడవ నడుపుకుంటూ వచ్చాడు. ఆఖరిసారి ఊళ్లో చూసిపోదామని వచ్చాడట.

"జల్దీ ఎక్కు చెల్లె! ఇంకో గంటకు చూరు మునుగుతది. ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా?"

వెనక్కి తిరిగి నడింట్లోకి చూశాను.

మంచం ఖాళీగా ఉంది.

రెండేళ్లుగా పక్కకు ఒత్తిగిలడానికి కూడా నేను కావాల్సిన మనిషి. మంచం మీద లేదు. నీళ్లలో లేదు. నిచ్చెన మెట్ల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. పైనుంచి అత్త గొంతు వినిపించింది. ముద్దగా కాదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో విన్న గొంతు, గట్టిగా, స్పష్టంగా.

"నవతా... నన్ను దింపు బిడ్డా... చీకటిగున్నది..."

ఒక్క అడుగు లోపలికి వేశాను. నా చేతుల్లో పాప ఏడుపు ఆపేసింది. కంత వైపు చూస్తోంది. చూసి నవ్వింది.

"చెల్లే! ఉన్నరా, లేరా?"

నేను చెప్పింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎవరూ చెప్పించలేదు. నా నోరే, నా మాటే.

"ఎవ్వరు లేరు."

పడవ ఎక్కాను. కూర్చోగానే పడవ మళ్లీ ఒకసారి కిందికి దిగింది, ఇంకెవరో ఎక్కినట్టు. లచ్చిరాం మోటారు తిప్పుతూ, ముందుకే చూస్తూ అన్నాడు.

"నీ వెనకున్నామెను జర నడుమకు జరుగుమను. పడవ ఒరుగుతున్నది."

నేను వెనక్కి తిరగలేదు. పడవ నిలకడగా అయింది. ఎవరో జరిగారు.

బడికి చేరేదాకా పాపను పమిటలో దాచుకునే ఉన్నాను. మా ఇంటి వైపు నుంచి అత్త పిలుపు చాలా దూరం వినిపించింది. లచ్చిరాంకు వినిపించలేదు. లేదా వినిపించనట్టు ఉన్నాడేమో.

ఐదు రోజులకు ఏరు తీసింది. వీరేందర్ మా ఊరి వాళ్లతో కలిసి వెళ్లి చూశాడు. మోకాలి లోతు ఒండ్రు. అటక మీద బియ్యం లేవు, పెట్టె లేదు, పరుపు లేదు. వాళ్లమ్మ లేదు. కింద బురద తవ్వించాడు, ఏటి వెంట రెండు రోజులు తిరిగాడు. శవం దొరకలేదు.

"అమ్మను ఎట్ల ఇడిసినవ్?" అని ఒక్కసారే అడిగాడు. నేను జరిగిందంతా చెప్పాను. విన్నాడు. నమ్మాడో లేదో తెలియదు. చంకలో తనను పెట్టుకునే వాళ్లమ్మ పడవెక్కిందని చెప్పినప్పుడు మాత్రం తల దించుకున్నాడు. ఆ తర్వాత మా మధ్య మాటలు తగ్గిపోయాయి.

ఆ ఇంటికి మళ్లీ పోలేదు. ఏటికి ఎంత దూరమైతే అంత మంచిదని టేకులపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. చుట్టూ అడవి. చెరువు కూడా దగ్గర్లో లేదు. వీరేందర్ టిప్పర్ మీద పోతే రెండు మూడు రోజులకు గానీ రాడు. నేనూ పాపా ఉంటాం.

పడవ ఎక్కిన రోజే నాకు పాలు ఎండిపోయాయి. భయానికి అట్లా అవుతుందని దవాఖానాలో నర్సు చెప్పింది, డబ్బా పాలు పట్టమంది. మనోజ్ఞ సీసా నోట్లో పెడితే చాలు, ముఖం తిప్పుకుంటుంది. చెంచాతో పోస్తే ఊసేస్తుంది. ఆకలికి మాత్రం ఏడవదు. నాకు దిగులు పట్టుకుంది. పిల్ల కూడా దక్కదనుకున్నాను.

నలభయ్యో రోజున అంగన్‌వాడీకి ఎత్తుకుని పోయాను. టీచరు పాపను కాంటా ఊయలలో పడుకోబెట్టి ముల్లు చూసింది. చేతిలో పాప బరువు కార్డు తిప్పి చూసింది. మళ్లీ ముల్లు చూసింది. ఏం వినాల్సి వస్తుందోనని గోడ పట్టుకుని నిలబడ్డాను.

టీచరు నవ్వుతూ పాప బుగ్గ గిల్లింది.

"కిలోకు పైనే పెరిగింది. డబ్బా పాలకు గిట్ల ఒళ్లు చెయ్యరమ్మా, ఇది తల్లిపాల ఒళ్లు. రాత్రిపూట కూడ ఇస్తున్నవ్ కదా? అవ్, గట్లనే ఇయ్యి, ఆపకు."