పదహారు ఖాళీ గళ్లు

"నీ పెట్టె చచ్చిపోయింది!"

వర్క్‌షాప్ తలుపును మోచేత్తో నెట్టుకుంటూ వచ్చింది మిర్టా. జుట్టు నుంచి వాన నీళ్లు కారుతున్నాయి. చేతుల్లో ఉన్ని దుప్పట్లో చుట్టిన, గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్.

ఒరెస్టే గబుక్కున లేచాడు. ఇటలీలోని ఇవ్రేయా పట్నంలో మూతపడిన టైపురైటర్ల ఫ్యాక్టరీ షెడ్డు అది. బోర్డులూ వైర్లతో ఆడుకునే కుర్రకారు ప్రతి శనివారం అక్కడ చేరతారు. ఆ పెట్టె తయారుచేసి ఆమెకిచ్చి ఆరు వారాలైంది. ఆరు వారాలుగా తలుపు చప్పుడైనప్పుడల్లా అతను తలెత్తి చూస్తూనే ఉన్నాడు.

"వచ్చీ రాగానే తిట్లేనా?"

"లోపల పన్నెండు గుడ్లున్నాయి. ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. పొద్దున లేచి చూస్తే డిస్‌ప్లే మీద ఒక్క అక్షరం లేదు. వేడి ఎంతుందో నాకెలా తెలియాలి, ఇంజనీరుగారూ?"

ఒరెస్టే ప్లగ్గు పెట్టాడు. అరచెయ్యంత డిస్‌ప్లేలో నీలం వెలుగు వచ్చింది. అక్షరాలు మాత్రం లేవు. ముందు లోపల ఒక మామూలు థర్మామీటర్ పెట్టి మూత వేశాడు.

"ఆపి మళ్లీ పెట్టి చూశావా?"

"నాలుగుసార్లు. ఒకసారి కొట్టి కూడా చూశాను."

అతను డిస్‌ప్లే వెనకున్న చిన్న స్క్రూని మెల్లగా తిప్పాడు. పై వరుసలో పదహారు ఖాళీ గళ్లు తేలాయి.

"వచ్చింది!"

"ఇంకా రాలేదు. డిస్‌ప్లే బతికే ఉంది. పెట్టెని నడిపే బోర్డు చెప్పే మాట దానికి వినబడటం లేదు."

మిర్టా కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. "కొర్రాడో ఉండుంటే నాకింత కంగారుండేది కాదు."

అతని చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. "ఎవరు?"

"కొర్రాడో. పోయి వారమైంది. రోజూ తెల్లారేసరికి వాడే లేపేవాడు. ఇప్పుడు ఆఫీసుకి రోజూ లేటే."

"మీ ఇంట్లోనే... ఉండేవాడా?"

"మరెక్కడుంటాడు? రెండేళ్లు! ఆ నడక చూడాలి, వీధంతా తనదే అన్నట్టు."

ఒరెస్టే కంప్యూటర్ వైపు తిరిగి బోర్డుకి ఏమేం కలిపి ఉన్నాయో వెతికే ప్రోగ్రాం నడిపాడు. 'ఏమీ లేవు' అని వచ్చింది. అచ్చం తన పరిస్థితే అనిపించింది.

"గొడవపడి వెళ్లిపోయాడా?" అన్నాడు, వీలైనంత మామూలుగా.

"గొడవేంటి? నక్క ఎత్తుకుపోయింది."

"నక్కా?"

మిర్టా అతని మొహంలోకి చూసింది. "కోడిపుంజు, ఒరెస్టే! ఈ గుడ్లకి తండ్రి! నువ్వేమనుకున్నావ్?"

"ఏమీ అనుకోలేదు."

"చెవులెందుకు అలా ఎర్రబడ్డాయి మరి?" నవ్వబోయి ఆగిపోయింది. "పెట్టల్ని కూడా వదల్లేదు. మా నాన్న ఇరవై ఏళ్లు పెంచిన జాతి. ఈ పన్నెండు గుడ్లే మిగిలాయి."

ఒరెస్టేకి నవ్వు రాలేదు. డిస్‌ప్లేని బోర్డుకి కలిపే నాలుగు వైర్లనూ ఒక్కొక్కటిగా కదిపి చూశాడు. మూడోది వేలు తగలగానే ఊడి వచ్చింది. కొసన పచ్చటి చిలుము.

"లోపలి తేమకి చిలుము పట్టింది," అన్నాడు.

"గట్టిగా అతికించానన్నావుగా?"

తేమ మీదకి నెట్టేస్తే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. కానీ ఆ పన్నెండు గుడ్లను చూస్తూ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"అతికించలేదు. ఊరికే గుచ్చి ఇచ్చాను. ఎప్పుడో లూజయితే... మళ్లీ వస్తావని."

మిర్టా పెట్టె మూత మీద చెయ్యి వేసింది. వాన రేకుల మీద మోగుతోంది.

"నన్ను చూడ్డానికి వీటిని చంపేవాడివా?"

"అప్పుడు అంత దూరం ఆలోచించలేదు. తప్పు నాదే."

ఆమె అటు తిరిగి నిలబడింది. ఒరెస్టే నాలుగు వైర్లనూ శుభ్రంగా గీకి, సోల్డర్ చేసి, అతుకుల మీద తొడుగులు వేశాడు. రెండుసార్లు వేలు కాలింది. ఆమె తల తిప్పి చూసి, మళ్లీ అటు తిరిగింది. అతను రీసెట్ బటన్ నొక్కాడు.

37.5.

థర్మామీటర్ కూడా అదే చెప్పింది. మిర్టా ఫోన్ లైటు వేసి ఒక గుడ్డుకి ఆనించింది. లోపలి నల్లటి నీడ ఉలిక్కిపడినట్టు కదిలింది.

"బతికే ఉంది," అంది.

"ఇక ఇది ఊడదు. నువ్వు మళ్లీ రావాల్సిన పనుండదు."

"నీకు ఫోన్ లేదా?"

"ఉంది."

"నా నంబర్ లేదా?"

"ఉంది."

"మరి ఆరు వారాలు ఏం చేశావ్, మొద్దూ? నేను రోజూ ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను!" దుప్పటి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. "కోపం పోలేదు. మంగళవారం పిల్లలు వస్తాయి. నువ్వూ రా."

మంగళవారం సెలవు పెట్టి పొద్దున్నే ఆమె వంటింట్లో కూర్చున్నాడు ఒరెస్టే. కాఫీ చల్లారిపోయింది. మధ్యాహ్నం దాటాక ఒక గుడ్డు మీద సన్నటి పగులు కనిపించింది. సాయంత్రానికి తడి ముద్దలాంటి పిల్ల ఒకటి పెంకులోంచి బయటపడి, రెండడుగులు వేసి బోర్లా పడింది. పక్కన ఇంకో రెండు గుడ్లు ఊగుతున్నాయి.

"మిర్టా, నువ్వంటే నాకు..."

"ష్! వాటిని బెదరగొట్టకు." ఆమె కళ్లు తిప్పకుండానే అతని చెయ్యి అందుకుని, కాలిన వేలిని తన పిడికిట్లో దాచుకుంది. "చెప్పు. మెల్లగా చెప్పు."