బాయిలర్ మీద పద్నాలుగు

మేముండే పరాయి దేశపు ఊళ్ళో, హెండర్సన్ పేటలో మా భార్గవ్ వాళ్ళ ఇంటి వెనక ఒక స్లీపౌట్ ఉంది. స్లీపౌట్ అంటే పెరట్లో విడిగా కట్టిన ఒంటిగది. ఓ మంచం, ఓ షవరు... అంతే. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ వెళ్ళరు.

అంతకుముందు ఆ ఇంట్లో మన హైదరాబాద్ కుర్రాళ్ళు ఫ్లాటింగ్ చేసేవారట, అంటే అద్దె పంచుకుని కలిసి ఉండేవారట. వాళ్ళలో ఒకడు ఆ గదిలోకి దిగి, వారం తిరక్కుండానే దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని హాల్లోకొచ్చి పడ్డాడట. "రాత్రిళ్ళు అక్కడెవరో స్నానం చేస్తున్నార్రా..." అన్నాడట. పక్కింటి ఫిజీ ఆంటీ దానికి ఇంకో నాలుగు కలిపింది. అందులో ఎవరో ముసలాయన పోయాడనీ, కిటికీ అద్దం మీద ఆవిరి కనిపిస్తుందనీ. నేను చూశానా? విన్నది చెప్తున్నాను, నమ్మితే నమ్మండి.

భార్గవ్ మా పెదనాన్న కొడుకు. సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్ సపోర్ట్. ఎక్కడ ఎర్రర్ కనబడినా అన్నం మానేసి దాని వెంట పడతాడు. "దెయ్యముంటే లాగ్స్ చూపించమను, నమ్ముతా" అని నవ్వేసి ఆ ఇల్లు కొన్నాడు. లాగ్స్ అంటే మిషను తను చేసే పనులన్నీ రాసుకునే చిట్టా. వాడి తిక్క వాడిది.

ఈ జులైలో వాడికి కూతురు పుట్టింది. మా పెదనాన్న రామలింగేశ్వరరావు, పెద్దమ్మ సీతారత్నం అంతకుముందే రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఇరవయ్యొకటో రోజు ఆదివారం. పేరు పెట్టడం. పాపటోయిటోయి నుంచి పంతులుగారు వస్తారు, భోజనాలకి మేమందరం వెళ్తాం. మంగళవారం పెద్దవాళ్ళ ఫ్లైటు. వీసా అయిపోతోంది, ఒక్క రోజు కూడా జరపడానికి లేదు. "నా ఉంగరంతో బియ్యంలో పేరు రాశాకే విమానం ఎక్కుతానురా" అని పెదనాన్న దిగిన రోజు నుంచీ ఒకటే పాట.

ఇక గురువారం సాయంత్రం...

ఇక్కడ ఈ నెలల్లో చలికాలం, ఆరింటికే కటిక చీకటి. బయట వాన. పాప నిద్రపోతోంది, భార్గవ్ ఉయ్యాల దగ్గర ఉన్నాడు. పెద్దవాళ్ళ గది తలుపు వేసి ఉంది. బాలింత కదా, ఆశాజ్యోతి బాగా కాగిన నీళ్ళతో స్నానం చేస్తోంది. ఉన్నట్టుండి కెవ్వున అరిచింది.

"భార్గవ్! నీళ్ళు చల్లబడిపోయాయి!"

వాడు గ్యారేజీలోకి పరిగెత్తాడు. గోడకి తెల్లటి పెట్టె... కాంబీ బాయిలర్. అది నీళ్ళు కాచి నిలవ ఉంచదు. కుళాయి తిప్పితే చాలు, హుష్షున మంట వెలిగించి అప్పటికప్పుడు కాచి పంపుతుంది. రెండు చోట్ల ఒకేసారి తిప్పితే మాత్రం దానికి చాలదు, నీళ్ళు చల్లబడతాయి. దాని చిన్న అద్దంలో ఒక నంబరు వెలుగుతోంది.

పద్నాలుగు.

రోగమేదో వచ్చిందని మావాడు రీసెట్ నొక్కాడు. కాసేపు ఆరింది... మళ్ళీ హుష్... మళ్ళీ పద్నాలుగు. ఫోన్లో దాని మాన్యువల్ వెతికి చదివాడు. పద్నాలుగు రోగం కాదట. అది చేస్తున్న పని పేరట. ఎవరో వేడినీళ్ళు తిప్పారు, మంట వెలిగింది, నీళ్ళు పోతున్నాయి... అని అర్థం.

"కుళాయి కట్టెయ్!" అని గట్టిగా అరిచాడు. ఆశాజ్యోతి కట్టేసింది.

పద్నాలుగు పోలేదు.

వంటింట్లోకి వెళ్ళి చూశాడు. కుళాయి కట్టే ఉంది. లాండ్రీలోనూ అంతే. మళ్ళీ గ్యారేజీకొచ్చి, ఒక్కో గొట్టం తడిమాడు. పెరటివైపు పోయే గొట్టం... కాలుతోంది.

స్లీపౌట్‌కి వెళ్ళే గొట్టం అది.

వాడు చూస్తుండగానే టక్కుమని మంట ఆరింది. నంబరు సున్నాకొచ్చింది. లాగ్స్ కావాలన్నాడుగా, ఇదిగో చూపించింది. కానీ మా ధైర్యశాలి పెరట్లోకి అడుగు పెట్టలేదు, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాడు.

ఆశాజ్యోతి మాత్రం ఖరాఖండీగా చెప్పేసింది. "ఇంకోసారి ఇలా అయితే బేబీని తీసుకుని బోటనీలో ఇంద్రజ అక్కావాళ్ళింటికి వెళ్ళిపోతాను. ఫంక్షన్ లేదు, గింక్షన్ లేదు. పసిగుడ్డుతో నేనీ ఇంట్లో ఉండను." ఇంద్రజ అంటే మా ఆవిడే లెండి.

శుక్రవారం వచ్చింది. మళ్ళీ అదే వేళ, అదే వాన, అదే స్నానం.

"భార్గవ్..." ఈసారి అరుపు కాదు, ఏడుపు గొంతు.

వాడు గ్యారేజీలోకి వెళ్ళాడు. పద్నాలుగు. కుళాయి కట్టించాడు. పద్నాలుగే. పెరటి గొట్టం కాలుతోంది. "నాన్నా!" అని పిలిచాడు. పలుకు లేదు. ఇవాళ తేల్చకపోతే పేరు పెట్టడం ఉండదని వాడికి అర్థమైపోయింది. ఫోన్ లైటు వేసుకుని, "ఆంజనేయా, ఆంజనేయా" అనుకుంటూ పెరట్లోకి దిగాడు.

గడ్డి జారుతోంది. స్లీపౌట్‌లో దీపం లేదు. కానీ కిటికీ అద్దం మీద... ఆవిరి. లోపల నీళ్ళ చప్పుడు. దాంతోపాటు ఇంకో చప్పుడు — సన్నగా, గొంతులో నొక్కేసుకున్న ఏడుపు.

అయినా వాడు తలుపు తోశాడు.

ఆవిరిలో... చీకట్లో... తెల్లబట్టలతో ఒక ఆకారం. నెత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి. మెల్లగా ఇటు తిరిగింది.

"లైటు ఆర్పరా వెధవా... మీ అమ్మ చూస్తుంది!"

మా పెదనాన్న! కట్టుకున్న పంచెతోనే షవరు కింద నిలబడి ఉన్నాడు.

"నాన్నా! ఇదేం పని? చలికి చచ్చిపోతావు!"

"ఇంట్లో తలస్నానం చేస్తే ఎందుకని అడుగుతార్రా..." గొంతు తగ్గించాడు. "రాఘవన్నయ్య పోయాడు. మధ్యాహ్నం ఫోనొచ్చింది."

వీరరాఘవయ్య అంటే ఆయనకి పెదతండ్రి కొడుకు. ఒకే ఇంటిపేరు, పది రోజుల మైల. అంటే పేరు పెట్టడం ఆగిపోతుంది, మంగళవారం వీళ్ళు పేరు లేని మనవరాలిని వదిలి వెళ్ళిపోవాలి. బయటికి చెప్పలేడు. విన్నాక నీళ్ళు పోసుకోకుండానూ ఉండలేడు.

"గోదాట్లో నాకు ఈత నేర్పిందాయనేరా," అన్నాడు పెదనాన్న. "నోరారా ఏడవడానికి కూడా లేకుండా పోయింది." భార్గవ్ ఆ తడిబట్టల మీదే తండ్రిని పట్టుకున్నాడు.

కాసేపటికి వాడికి ఏదో తట్టింది. "నాన్నా... మరి నిన్న కూడా నువ్వేనా?"

"నిన్న నాకు తెలీదుగా. నిన్న నేనెందుకు చేస్తాను?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్న గొట్టం కాలింది. నిన్న పద్నాలుగు వెలిగింది. మరి నిన్న... ఇక్కడ నిలబడిందెవరు?

వెనక గడ్డిలో అడుగుల చప్పుడు.

భార్గవ్ ఫోను జారి కింద పడింది. తలుపు దగ్గర ముసుగు వేసుకుని ఎవరో నిలబడ్డారు, చేతిలో తువ్వాలు.

"తుడుచుకుని లోపలికి రండి," అంది మా పెద్దమ్మ. "జలుబు చేస్తే ఆదివారం పీటల మీద తుమ్ముతూ కూర్చుంటారు. పోయిన బావగారు ఎటూ తిరిగి రారు."

పెదనాన్న నోరు తెరిచాడు. "రాఘవన్నయ్య సంగతి నీకెవరు చెప్పారే?"

పెద్దమ్మ తువ్వాలు అంచు నలుపుతూ నేల చూసింది.

"నిన్న... మా చెల్లెలు రాజేశ్వరమ్మ ఫోన్ చేసింది, నేనూ ఇక్కడే నీళ్ళు పోసుకున్నాను," అంది చివరికి. "మీకు తెలిస్తే ఫంక్షన్ ఆపేస్తారని..."

"నీకు తెలిస్తే ఆపేస్తావని నేను..."

"అయితే ఇంకేం? వినకపోతే మైల లేదు. నేను వినలేదు, మీరూ వినలేదు."

"నేను విన్నానే!"

"మీకు ఎలాగూ సరిగ్గా వినపడదు కదా," అంది పెద్దమ్మ.

భార్గవ్ మాత్రం ఏం చేస్తాడు? పోయినాయన వాడికీ పెదనాన్నే. చొక్కా ప్యాంటుతోనే షవరు కింద దూరాడు.

ముగ్గురూ ఇంట్లోకి వచ్చేసరికి హాల్లో ఆశాజ్యోతి నిలబడి ఉంది. జుట్టుకి నురగ, ఒంటికి టవలు, పళ్ళు పటపటా కొట్టుకుంటున్నాయి. నీళ్ళోడుతున్న మామగారిని చూసింది. నీళ్ళోడుతున్న మొగుణ్ణి చూసింది. ఆవిడదీ గోదారి ఒడ్డే, తడిబట్టల అర్థం తెలుసు.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు!" ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

ఉయ్యాల వైపు ఓసారి చూసింది. మామగారి ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసింది. ఇంకో మాట అడక్కుండా బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. గ్యారేజీలో మళ్ళీ హుష్షుమంది.

ఆదివారం పేరు పెట్టడం దివ్యంగా జరిగింది. పెదనాన్న బియ్యంలో "నిరుపమ" అని రాశాడు. రాస్తుంటే కళ్ళ నీళ్ళు కారాయి. ముసలాయన సంతోషం అనుకుని మేమంతా చప్పట్లు కొట్టాం.

మంగళవారం వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపి వస్తూ భార్గవ్ నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాడు. నవ్వాను, కాస్త ఏడ్చాను కూడా. అంతలో గుర్తొచ్చింది.

"ఒరేయ్! ఆయన నాకూ పెదనాన్నేరా! నాకెందుకు చెప్పావురా?"

"ఒక్కణ్ణే మోయలేకపోయానన్నయ్యా," అని పెట్టేశాడు.

ఫోను అంతసేపూ స్పీకర్లో ఉందని అప్పుడు చూసుకున్నాను. పక్కన సోఫాలో బట్టలు మడత పెడుతున్న మా ఆవిడ... లేదు. బాత్రూం తలుపు వేసి ఉంది. లోపల దబదబా నీళ్ళ చప్పుడు.

"ఇంద్రజా?" అని పిలిచాను.

"నేనేం వినలేదు!" అంది లోపల్నించి.